ట్రాన్స్‌మిటర్ నోరు నొక్కమన్నారు, నొక్కేశాను. ఇప్పుడేం చేయాలి?

కోస్తాలోని ఒక మందుల ముడిసరుకు కర్మాగారంలో పనిచేసే ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు, కంపెనీ బయటపెట్టవద్దని కోరారు. అయిదు పేజీలు రాశారు. విషయం అర్థం కావడానికి కావలసినంతే ఇక్కడ ఇస్తున్నాను.

వయసు 31. డిప్లొమా పూర్తిచేసి ఖాళీగా తిరుగుతున్న కుర్రాణ్ణి ఉద్యోగంలో పెట్టించి, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గరి నుంచి నేర్పింది వాళ్ల ఊరి పెద్దాయన. ఇప్పుడు ఆయనే షిఫ్టు సూపర్‌వైజరు. "వరసకు ఏమీ కాకపోయినా బాబాయ్ అనే పిలుస్తాను. మా పెళ్లికి పందిరి రాట కూడా ఆయన చేతుల మీదే వేయించాం" అని రాశారు. ఆయన పదవీ విరమణకు ఇంకా 14 నెలలుంది.

ఒక రియాక్టర్ జాకెట్‌కు, అంటే దాన్ని చల్లబరిచే తొడుగుకు, చల్లని బ్రైన్ (ఉప్పునీరు) వెళ్లే లైనులో రంధ్రమున్న ఆరిఫిస్ ప్లేటు, దాని రెండు వైపుల ఒత్తిడి తేడాను బట్టి ప్రవాహాన్ని కొలిచే డీపీ ట్రాన్స్‌మిటర్ ఉన్నాయి. రేంజి గంటకు 0 నుంచి 40 ఘనపు మీటర్లు. ప్రవాహం 12కు తగ్గితే ఇంటర్‌లాక్ పనిచేసి, రియాక్టర్‌లోకి రసాయనం పోసే వాల్వు మూసుకుంటుంది. ఎనిమిది నెలల కిందట తయారీదారు తరఫు మనిషి వచ్చి శిక్షణ ఇచ్చాక, ఆ ఒత్తిడిని ట్రాన్స్‌మిటర్‌కు చేర్చే రెండు సన్నని గొట్టాలు (ఇంపల్స్ లైన్లు) పూడుకుపోతే చెప్పే డయాగ్నస్టిక్‌ను మన పాఠకుడు ఉత్సాహంగా ఆన్ చేశారు. మొదటిసారి హెచ్చరిక వచ్చినప్పుడు విప్పి చూస్తే నిజంగానే తుప్పు బురద ఉంది. అందరూ మెచ్చుకున్నారు. తరవాత రెండుసార్లు అర్ధరాత్రి, బ్రైన్ పంపు తక్కువ మీద నడుస్తున్నప్పుడు వచ్చింది. విప్పితే ఏమీ లేదు. మెచ్చుకున్నవాళ్లే విసుక్కున్నారు. ఆ ట్రాన్స్‌మిటర్‌కు సంబంధించిన పరికర హెచ్చరికలన్నీ ఒకే అలారంగా కట్టి ఉండటంతో, ఆపరేటరు ఆ అలారాన్ని మొత్తంగా పక్కన పెట్టేశాడు.

ఇక ఆ రాత్రి. ప్రవాహం 9 నుంచి 26 మధ్య ఊగిసలాడింది. ఇంటర్‌లాక్ రెండుసార్లు పడింది (ట్రిప్ అయింది), బ్యాచ్ పాడయ్యేలా ఉంది. ఉదయం 5:40కి షిఫ్టు మారుతున్నప్పుడు మన పాఠకుడు కమ్యూనికేటర్ (ట్రాన్స్‌మిటర్‌తో మాట్లాడే చేతి పరికరం) తగిలించి చూస్తే, కొలతను కంట్రోల్ రూముకు మోసుకెళ్లే లూప్ కరెంటు కదలకుండా ఫిక్స్ అయి ఉంది, 13.6 మిల్లీ ఆంపియర్ల దగ్గర. దానితోపాటు, లైను ఒత్తిడిలో వణుకు మామూలుకన్నా పెరిగిందని డయాగ్నస్టిక్ హెచ్చరిక ఉంది. కంగారుగా ఫిక్స్ వదిలేశారు. కరెంటు 11.1కి దిగింది. ట్రెండు వెనక్కి తిప్పితే 2:10 నుంచి గీత గీసినట్టు ఒకే గీత.

"బాబాయ్‌ని అడిగాను. ట్రిప్పులు పడుతుంటే కరెంటును కాసేపు ఒకే అంకె దగ్గర కట్టేశాననీ, తీయడం మరిచిపోయాననీ చెప్పారు. లాగ్‌లో రాయవద్దన్నారు. ముందు ఆ డయాగ్నస్టిక్ తీసేయి, దాని గోల వల్లే ఇదంతా అన్నారు. తీసేశాను. మూడు వారాలైంది, నిద్ర పట్టడం లేదు. వచ్చే నెల ఆడిట్ ఉంది. నా భార్యకు ఏడో నెల, ఇంటి అప్పు ఉంది. నోరు మూసుకుని ఉండమంటుంది. చెబితే బాబాయ్ ఏమవుతారు? చెప్పకపోతే నేనేమవుతాను? లేదా ఎవరికీ చెప్పకుండా డయాగ్నస్టిక్ మళ్లీ ఆన్ చేసేస్తే సరిపోతుందా?"

---

మీ ఉత్తరంలో మూడు సంగతులు ఒకే ముడిగా పడి ఉన్నాయి. డయాగ్నస్టిక్ చెప్పింది నిజమా అబద్ధమా అన్నది ఒకటి. దాన్ని ఆపేయడం రెండోది. కరెంటును కట్టేసి మూడున్నర గంటలు వదిలేయడం మూడోది. బాబాయ్ గారు మొదటిదాన్ని చూపించి మూడోదాన్ని కప్పేశారు. మీరు ఆయన మీది గౌరవంతో ఆ కప్పును ఎత్తి చూడలేదు. ముందు వీటిని విడదీద్దాం.

ట్రాన్స్‌మిటర్‌కు రెండు గొంతులున్నాయని మీకు నేను చెప్పనక్కరలేదు. చదువుతున్న మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. మొదటి గొంతు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు. సున్నా ప్రవాహానికి 4, పూర్తి ప్రవాహానికి 20. తన సెన్సారో ఎలక్ట్రానిక్సో చెడిపోతే, ఈ పరికరాలు వాడే పరిశ్రమల సంఘం నాముర్ ఇచ్చిన ఎన్ఈ 43 సిఫారసు ప్రకారం కరెంటును 3.6కు దించుతుంది, లేదా 21కి ఎక్కిస్తుంది. అది చెవిటివాడికైనా వినిపించే కేక. రెండో గొంతు హార్ట్. గుండెకూ దీనికీ సంబంధం లేదు. 1980ల మధ్యలో వచ్చిన పద్ధతి ఇది. అదే తీగ మీద, అదే కరెంటు మీద 1200, 2200 హెర్ట్జ్‌ల సన్నని అలలుగా మాటలు వెళతాయి. వాటి సగటు సున్నా కాబట్టి కరెంటు కొలతకు భంగం ఉండదు. ఇంపల్స్ లైను పూడుకుపోవడం ట్రాన్స్‌మిటర్ సొంత జబ్బు కాదు, దాని ముందున్న గొట్టం జబ్బు. అందుకని మామూలుగా మొదటి గొంతు కేక వేయదు. రెండో గొంతే చెబుతుంది, వినేవాడుంటే.

అది దేన్ని విని చెబుతుందో చూడండి. పంపు దడ, వాల్వు దగ్గరి సుడులు, పైపు వంపుల్లో పొర్లే నీళ్ల చప్పుడు, ఇవన్నీ ఒత్తిడిలో చిన్న చిన్న వణుకులుగా ట్రాన్స్‌మిటర్‌కు చేరతాయి. మనం డ్యాంపింగ్ పెట్టి ఆ వణుకును తుడిచేసి, నున్నటి గీతను కంట్రోల్ రూముకు పంపుతాం. డయాగ్నస్టిక్ మాత్రం తుడవకముందే ఆ వణుకును లెక్కపెడుతుంది. లైను బాగున్న రోజున ఎంత వణుకు ఉందో గుర్తుపెట్టుకుని, తరవాతి రోజులను దానితో పోలుస్తుంది. రెండు గొట్టాలూ పూడితే వణుకు చచ్చిపోతుంది. ఒక్క గొట్టమే పూడితే చాలాసార్లు వణుకు పెరుగుతుంది. ఇదే చాలామందికి తెలియదు. రెండు వైపులా సమానంగా వచ్చే పంపు దడ డీపీలో ఒకదానికొకటి కొట్టుకుపోవాలి. ఒక వైపు మూసుకుంటే కొట్టుకుపోదు, మొత్తం కొలతలోకి వచ్చి పడుతుంది.

ఇప్పుడు మీ హెచ్చరికలను మళ్లీ చూడండి. మధ్యలో వచ్చిన రెండూ, వణుకు తగ్గిందన్నవి, పంపు తక్కువ మీద ఉన్నప్పుడు వచ్చాయి. ప్రవాహం తగ్గితే వణుకు సహజంగానే తగ్గుతుంది. నిండు ప్రవాహంలో నేర్పిన పాఠాన్ని సగం ప్రవాహంలో అప్పజెప్పమంటే ఏ పిల్లవాడైనా తప్పుతాడు. ఆ రెండూ ఉత్తుత్తి హెచ్చరికలే అయి ఉంటాయి, ఆ తప్పు చాలావరకు మీది. ఫలానా ప్రవాహానికి దిగువన పోల్చవద్దని హద్దు పెట్టి ఉండాల్సింది. బాబాయ్ గారి విసుగుకు ఈ మేరకు న్యాయం ఉంది. అలారాల గురించి ప్రామాణికంగా చూసే ఈఈఎంయూఏ 191 మార్గదర్శిని ప్రకారం, మామూలు నడకలో ఒక ఆపరేటరుకు పది నిమిషాలకు సగటున ఒక అలారం లోపు ఉంటేనే అది మోయదగ్గ బరువు. అర్ధరాత్రి పనికిరాని గంట మోగించినవాణ్ణి తిట్టుకోవడం మానవ సహజం.

కానీ ఆ రాత్రి హెచ్చరిక వేరు. వణుకు పెరిగిందంది. అదే సమయంలో ప్రవాహం 9 నుంచి 26 మధ్య ఊగింది. ఈ రెండూ ఒకదానికొకటి సాక్ష్యం. ఒక గొట్టం పూడటం మొదలై ఉండవచ్చు. లేదా బ్రైన్‌లోకి గాలి చేరో, పంపు సక్షన్ సరిగా లేకో ప్రవాహమే నిజంగా ఊగి ఉండవచ్చు. రెండోదే నిజమైతే, ఆ రాత్రి పడిన రెండు ట్రిప్పులూ తప్పుడు ట్రిప్పులు కావు. చలువ అందడం లేదని ఇంటర్‌లాక్ తన పని తాను చేసింది. మొదటిదే నిజమైతే ఇంకో గండం ఉంది. తక్కువ ఒత్తిడి వైపు గొట్టం మూసుకుని, ఎవరో ప్లేటు తరవాతి వాల్వు మూసేశారనుకోండి. ప్రవాహం ఆగిపోతుంది, లైనులో ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కువ వైపు గొట్టం ఆ పెరుగుదలను అందుకుంటుంది, రెండో వైపు పాత ఒత్తిడితోనే బిగుసుకుని ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ ప్రవాహం పెరిగిందని చూపిస్తుంది! రియాక్టర్‌లో వేడి ఎక్కుతుంటే తెర మీద చలువ పెరుగుతున్నట్టు కనిపిస్తుంది.

ఈ రెండింటిలో ఏది జరిగిందో మూడు వారాలుగా ఎవరూ చూడలేదు. మీ నిద్ర పట్టకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. బాబాయ్ గారి సంగతి తరవాత, ఆ రియాక్టర్ ఇవాళ కూడా అదే ట్రాన్స్‌మిటర్‌ను నమ్ముకుని నడుస్తోంది.

ఇక మూడో సంగతి. 13.6 అంటే రేంజిలో 60 శాతం, గంటకు 24 ఘనపు మీటర్లు. ట్రిప్ హద్దు 12 అంటే 8.8 మిల్లీ ఆంపియర్లు. కరెంటును 13.6 దగ్గర కట్టేసిన క్షణం నుంచి 8.8 అన్న మాటకు అర్థం లేదు. ఇంటర్‌లాక్ తెర మీద ఆరోగ్యంగానే ఉంటుంది, పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, కానీ ప్రాణం లేదు. ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేసి ఉంటే కనీసం బైపాస్ దీపం వెలిగేది, రిజిస్టర్‌లో ఎవరైనా సంతకం పెట్టేవారు. దీనికి అదీ లేదు. లూప్ టెస్టు అనేది తీగ, కార్డు, తెర ఒకే అంకె చెబుతున్నాయో లేదో చూసుకోవడానికి పెట్టిన సౌకర్యం, ట్రిప్పు పడకుండా ఆపడానికి కాదు. దీని విషయంలో బాబాయ్ గారి పక్షాన చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేదు. బ్యాచ్ ఖరీదు తెలుసు, పొద్దున్నే పడే చీవాట్లూ తెలుసు. అయినా లేదు.

అలాగని ఆయనేదో దుర్మార్గుడని కూడా అనుకోను. మా కర్మాగారానికి హార్ట్ కమ్యూనికేటర్ కొత్తగా వచ్చిన రోజుల్లో నేనూ ఇదే పని చేశాను. ఒక ట్యాంకు లెవెల్‌కు లూప్ చెక్ చేస్తూ 12 దగ్గర కట్టి, టీ వచ్చిందంటే వెళ్లిపోయాను. తెర మీద సరిగ్గా యాభై శాతం. గంటన్నర తరవాత ఒక పాత ఆపరేటరు నా దగ్గరికి వచ్చాడు. ఎనిమిదో తరగతి దాటని మనిషి. చార్టు కాగితం చింపి తెచ్చి నా ముందు పరిచాడు. "బాబూ, నీళ్లు ఇంత బుద్ధిగా ఉండవు" అన్నాడు. నేను పరుగెత్తాను. ట్యాంకు 83 శాతం ఉంది. ఆ కాగితం చాలాకాలం నా డ్రాయరులో ఉండేది.

ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలో ఆ మాట అనే మనిషి లేకపోయాడు. 2005 డిసెంబరు 11 తెల్లవారుజామున పెట్రోలు నిండుతున్న ట్యాంకు గేజి మూడు గంటల ప్రాంతంలో మూడింట రెండు వంతుల దగ్గర ఆగిపోయింది. గీత లేవలేదు, పడలేదు, అలాగే సాగింది. ట్యాంకు పొర్లింది. ఆరు గంటలకు పేలుడు, 43 మందికి గాయాలు. ఆదివారం కాకుండా పని రోజు అయి ఉంటే ప్రాణాలు పోయేవి. అంతా అయ్యాక విచారణలో తేలింది ఏమిటంటే, ఆ గేజి అంతకు ముందు మూడున్నర నెలల్లో 14 సార్లు అలాగే ఇరుక్కుంది. కొన్నిసార్లు సూపర్‌వైజర్లే దాన్ని పైకి లేపి వదిలి సరిచేసుకున్నారు, కొన్నిసార్లు మెకానిక్కును పిలిచారు. కొన్నిసార్లు రాశారు, కొన్నిసార్లు రాయలేదు. అది ఎన్నిసార్లు ఇరుక్కుందో ఏ ఒక్కరి తలలోనూ మొత్తం లెక్క లేదు. వాళ్లలో చెడ్డవాడెవరూ లేడు, ఎవరికి వారు ఆ పూట గడిపారంతే. మీ లాగ్‌బుక్కులో ఆ రాత్రి రాని నాలుగు వాక్యాల విలువ అంత.

మీ సొంత లెక్క కూడా చూసుకోవాలి. మీరు కంట్రోల్ రూముకు చెప్పకుండా ఫిక్స్ వదిలారు. అదృష్టం కొద్దీ కరెంటు 11.1 దగ్గర, అంటే సుమారు 17.8 ఘనపు మీటర్ల దగ్గర ఆగింది. 8.8 కిందికి దిగి ఉంటే కారణం తెలియకుండా ట్రిప్ పడేది. వదిలాక రాయలేదు. తరవాత నోటిమాట మీద డయాగ్నస్టిక్ తీసేశారు. బాబాయ్ చేసింది పెద్దది, మీది చిన్నది, కానీ రెండూ ఒకే గోతంలో ఉన్నాయి. ఎవరికి చెప్పినా ఇది కలిపి చెప్పాల్సిందే. దాచి చెబితే రెండో రోజే మీ మాటకు విలువ పోతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఊరుకోవడం ఒక దారి. మీ ఇంటావిడ సలహా భయంతో చెప్పింది, ప్రేమతో చెప్పింది, కాదనను. కానీ ఊరుకుంటే దాగుతుందని ఆవిడ అనుకుంటున్నారు. అది నిజం కాదు. 2:10 నుంచి 5:40 దాకా ఆ గీత హిస్టోరియన్‌లో, అంటే పాత కొలతలను దాచే కంప్యూటర్‌లో, ఉంది. కరెంటును కట్టేసినా హార్ట్ మీద వెళ్లే డిజిటల్ విలువ మారుతూనే ఉంటుంది. మీ సిస్టమ్ దాన్ని కూడా నిల్వ చేస్తుంటే రెండు గీతలనూ పక్కపక్కన పెట్టి చూసేవాడికి పది సెకన్లు చాలు. కొత్త హార్ట్ పరికరాల్లో సెట్టింగులు మారిన ప్రతిసారీ ఒక లెక్క పెరుగుతుంది. మీరు తీసేసింది కూడా ఆ లెక్కలో పడింది. ఆడిటర్లు అంత లోతుకు పోరు, నిజమే. ఏదైనా జరిగితే మాత్రం పోతారు.

గుట్టుగా మళ్లీ ఆన్ చేయడం రెండో దారి. మీకు బాగా నచ్చినట్టుంది, ఉత్తరంలో రెండుసార్లు అడిగారు. ఎవరికీ చెప్పకుండా తీసేయడం తప్పయితే ఎవరికీ చెప్పకుండా పెట్టడం ఒప్పెలా అవుతుంది? పైగా హద్దులు మార్చకుండా పెడితే వచ్చే తక్కువ ప్రవాహపు రాత్రి మళ్లీ మోగుతుంది, ఈసారి బాబాయ్‌కి మీ మీద నమ్మకం పోతుంది, మీ చేతిలో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. నేనైతే ఈ దారి వైపు చూడను.

ఆకాశరామన్న ఉత్తరం రాయాలని మీరు అనలేదు గానీ, ఈ స్థితిలో ఉన్న చాలామందికి ఆ ఆలోచన వస్తుంది. ఆ రాత్రి సంగతి కర్మాగారంలో తెలిసినది ఇద్దరికే. ఒకరు ఆయన. ఉత్తరం ఎవరు రాశారో కనుక్కోవడానికి డిటెక్టివ్ అవసరం లేదు.

మిగిలినవి రెండు: ముందు బాబాయ్‌తో మాట్లాడి ఇద్దరూ కలిసి పైకి వెళ్లడం, లేదా నేరుగా మీరే మెయింటెనెన్స్ మేనేజర్ దగ్గరికో సేఫ్టీ అధికారి దగ్గరికో వెళ్లడం. మొదటిదానిలో ఆయనకు తన నోటితో తాను చెప్పుకునే అవకాశం ఉంటుంది. పదవీ విరమణకు 14 నెలలున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. తానుగా చెప్పిన తప్పుకూ, పట్టుబడిన తప్పుకూ యాజమాన్యాలు వేసే శిక్షలో తేడా ఉంటుంది. ఎప్పుడూ ఉంటుందని హామీ ఇవ్వలేను. నష్టం ఏమిటంటే ఆయన కోపగించుకోవచ్చు, వాయిదా వేయించవచ్చు, "ఆడిట్ అయ్యాక చూద్దాంలే" అనవచ్చు. అందుకే గడువు మీ మనసులో పెట్టుకుని వెళ్లండి. వారం కన్నా ఎక్కువ వద్దు. రెండోదానిలో పని త్వరగా జరుగుతుంది, కానీ పందిరి రాట వేసిన చేతులను మీరు వెనక నుంచి పట్టించినట్టు ఆయనకు అనిపిస్తుంది. ఆ మాట ఊళ్లోకి కూడా వెళుతుంది. మీరు భరించగలరా లేదా అన్నది మీకే తెలియాలి. ఆయన ససేమిరా అంటే మాత్రం ఇదే దారి. "బాబాయ్, నేను రేపు వెళ్లి చెబుతున్నాను" అని ఆయనకు ముందే చెప్పి వెళ్లండి.

ఆయనతో ఎక్కడ మాట్లాడాలన్నది కూడా ముఖ్యమే. కర్మాగారంలో వద్దు, నలుగురిలో వద్దు. ఆదివారం పొద్దున ఇంటికి వెళ్లండి. ట్రాన్స్‌మిటర్‌తో మొదలుపెట్టండి, ఆ రాత్రితో కాదు. "బాబాయ్, ఆ రెండు హెచ్చరికలూ ఉత్తుత్తివే, నేను హద్దు పెట్టకపోవడం వల్ల వచ్చాయి. కానీ ఆ రాత్రిది అలాంటిది కాదనిపిస్తోంది. ఒక గొట్టం పూడితే వణుకు పెరుగుతుంది కదా, విప్పి చూద్దాం" అనండి. మీకు పని నేర్పిన మనిషి ఆయన. డీపీలో ఒక వైపు మూసుకుంటే ఏమవుతుందో ఆయనకు మీరు చెప్పనక్కరలేదు, గుర్తుచేస్తే చాలు. ఆ తరవాతే రెండో మాట: "ఆ రాత్రిది మనమే రాద్దాం. నేను వదిలినది, తీసేసినది నేను రాస్తాను." ముందు మీ తప్పు మీరు కింద పెడితే ఆయన తప్పు కింద పెట్టడానికి చోటు దొరుకుతుంది.

చట్టం సంగతి అడిగారు. భోపాల్ దుర్ఘటన తరవాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టానికి ఒక కొత్త అధ్యాయం చేర్చారు. అందులోని 41-హెచ్ సెక్షన్ ప్రకారం, ప్రమాదం ముంచుకొస్తోందని సహేతుకంగా అనుమానించే కార్మికుడు ఆ సంగతిని యాజమాన్యానికి నేరుగా గానీ, సేఫ్టీ కమిటీ ప్రతినిధి ద్వారా గానీ తెలియజేస్తూ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పవచ్చని ఉండేది. ఆ చట్టం స్థానంలో తెచ్చి, 2025 నవంబరు నుంచి అమలు చేస్తున్న 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ అలాంటి హక్కే ఉంది. కానీ భద్రత కోసం పెట్టిన సాధనాలను కావాలని కదపకూడదన్న బాధ్యత కూడా అదే చట్టం కార్మికుడి మీద పెట్టింది, అది మీ ఇద్దరికీ తగులుతుంది. మేనేజర్‌కు చెప్పాక కూడా ఆ ట్రాన్స్‌మిటర్‌ను విప్పకుండా రియాక్టర్ నడిపిస్తూ పోతే, అప్పుడు ఈ హక్కు గురించి ఆలోచించండి. మొదటి మెట్టుగా వద్దు.

పైకి వెళ్లేటప్పుడు ఒట్టి చేతులతో వెళ్లవద్దు. ఒక పేజీ మార్పు ప్రతిపాదన రాసుకుని వెళ్లండి. నాముర్ ఎన్ఈ 107లో పరికర స్థితికి నాలుగు వర్గాలున్నాయి: వైఫల్యం ఎరుపు, పనితీరు పరీక్షలో ఉండటం నారింజ, హద్దు దాటి పనిచేయడం పసుపు, మరమ్మతు కావలసి ఉండటం నీలం. మీ కర్మాగారంలో ఇవన్నీ ఒకే గంటకు కట్టారు. అందుకే నీలం రంగు గోలకు చెవులు మూసుకున్న ఆపరేటరు నారింజ రంగును కూడా వినలేకపోయాడు. కరెంటు ఫిక్స్ అయిందన్నది నారింజ వర్గం, అంటే "నా కరెంటును ఇప్పుడు నమ్మవద్దు" అని ట్రాన్స్‌మిటర్ ఆ మూడున్నర గంటలూ చెబుతూనే ఉంది. నీలాన్ని మెయింటెనెన్స్ కంప్యూటర్‌కు పంపి, ఎరుపునూ నారింజనూ మాత్రమే ఆపరేటరుకు వదలమని అడగండి. బాబాయ్ గారి అభ్యంతరం సగం దీనితోనే తీరుతుంది. డిజిటల్ విలువకూ కరెంటుకూ తేడా వస్తే అలారం ఇచ్చే వీలు మీ సిస్టమ్‌లో ఉందేమో చూడండి. తక్కువ ప్రవాహంలో పోలిక ఆపే హద్దు, కొత్తగా నేర్పే రోజు ప్రవాహం ఎంత ఉండాలి, ఇవి రాయండి. ఇంటర్‌లాక్‌లో ఉన్న ట్రాన్స్‌మిటర్‌ను కమ్యూనికేటర్‌తో ముట్టుకోవాలంటే పర్మిట్ తప్పనిసరి చేయమని కూడా రాయండి, మీ కాళ్లకే బంధమైనా సరే.

ఒక హెచ్చరిక. డయాగ్నస్టిక్ మళ్లీ వచ్చినంత మాత్రాన అంతా కనిపిస్తుందనుకోవద్దు. 2020 మే 7న విశాఖ దగ్గర ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచేది అడుగున మాత్రమే, పై పొరలు వేడెక్కడం కొలతకు అందలేదు. లేనిచోట కొలత లేదని చెప్పే డయాగ్నస్టిక్ ఏదీ ఇంతవరకు రాలేదు. మీ జాకెట్ నుంచి తిరిగివచ్చే బ్రైన్ ఉష్ణోగ్రత ఎక్కడైనా కొలుస్తున్నారా? కొలుస్తుంటే ఆ రాత్రి ట్రెండు తీసి చూడండి. ప్రవాహం గురించి ఆ మూడున్నర గంటల్లో నిజం చెప్పినది అదొక్కటే కావచ్చు.

అప్పు, బిడ్డ, ఆడిట్ గురించి నేను ధైర్యం చెప్పగలిగింది తక్కువ. మీకు మెమో రావచ్చు. ఇంక్రిమెంటు ఆగవచ్చు. ఉద్యోగం పోయేంత పని అని నాకు అనిపించడం లేదు, కానీ మీ యాజమాన్యాన్ని నేను చూడలేదు. ఇంటావిడకు అన్నీ చెప్పాకే ఆదివారం బయలుదేరండి. ఆవిడకు ఇప్పటిదాకా సగమే చెప్పినట్టుంది ఉత్తరం చూస్తే.

ఇక విప్పే రోజు. రియాక్టర్ ఖాళీగా, రెండు బ్యాచ్‌ల మధ్య ఉన్నప్పుడు, పర్మిట్ తీసుకుని చేయండి. మ్యానిఫోల్డ్‌లో (రెండు గొట్టాలనూ కలిపే వాల్వుల దిమ్మలో) రెండు వైపులనూ సమానం చేస్తే 4 చూపాలి. చూపితే సెన్సారు బాగున్నట్టే, పూడిక సంగతి మాత్రం దానితో తేలదు. అందుకు ఒక్కో వైపు డ్రెయిన్ విడిగా తెరిచి చూడాలి. ధార రెండు వైపులా ఒకేలా రావాలి. ఒకవైపు సన్నగా, ఎర్రగా కారితే ఆ ధారను ఫోనులో ఫోటో తీయడానికి అనుమతి అడిగి తీయండి, ప్రతిపాదనకు జతచేయండి. అంతా బిగించాక 4, 12, 20 దగ్గర లూప్ చెక్ చేసి, ఫిక్స్ వదిలి, కమ్యూనికేటర్ తీయకముందే స్థితి పేజీ ఇంకోసారి తెరిచి చూడండి. తరవాత కంట్రోల్ రూముకు ఫోను చేసి, తెర మీద అంకె ఎంత ఉందో, గీత కదులుతోందో లేదో ఆపరేటరును అడిగి, ఆ సమయం లాగ్‌బుక్కులో రాయండి. పక్కన బాబాయ్ గారి సంతకానికి కాస్త చోటు వదలండి.